ఒక గొలుసు – ఆరు పిలుపులు

ఇంటిలో రేడియో మ్రోగనపుడు గది నిశ్శబ్దముగా నున్నదని యనుకొందుము. కాని అప్పుడును ఎన్నియో కేంద్రముల ప్రసారతరంగములు ఆ గదిలోనికి వచ్చుచునే యుండును. వానిని గ్రహించు సాధనము లేనిచోట అవి లేనట్లే. సాధనమున్నచోట గూడ ముల్లు ఏ కేంద్రముపై నిలిచినదో ఆ కేంద్రమే వినబడును. తక్కినవన్నియు మన ప్రక్కనుండియే వినబడక సాగిపోవును.

మన నెత్తుటిలోను రేయింబవళ్ళు ఇట్టి ప్రసారమే యొకటి జరుగుచున్నది. అక్కడ తరంగములకు బదులు చిన్న చిన్న ప్రోటీనులు సందేశములను మోయుచుండును. వీనికి సైటోకైనులని పేరు. మూత్రపిండమునుండి యొకటి, ఎముకల మూలుగనుండి మరియొకటి, సూక్ష్మజీవితో పెనుగులాడుచున్న తెల్లకణమునుండి ఇంకొకటి వెలువడును. కొన్ని నెత్తుటితోపాటు దూరము పోవును; కొన్ని పుట్టినచోటనే ప్రక్కకణమును చేరును. వీనిలో ఏ కణము దేనిని వినవలెను, దేనిని వినగూడదు అని నిర్ణయించునవి ఆ కణపు పొరపై నిలిచియున్న గ్రాహకములు. రేడియోకును కణమునకును ఈ మాట యొక్కటే చెల్లును, పనియు నొక్కటే.

అయితే ఈ గ్రాహకము ఒక్క ముక్కగా నుండునది కాదు. రెండు మూడు ముక్కలు కూడిననే గాని అది పనిచేయదు. ఈ ముక్కలను ఉపాంగములందురు. ప్రోటీనులు గొలుసులవంటివి గావున ఆల్ఫా గొలుసు, బీటా గొలుసు, గామా గొలుసు అని పిలుచుటయు కలదు. అందొక గొలుసు ఆరు వేర్వేరు గ్రాహకములకు ఉమ్మడి సొత్తు. ఆ యొక్క గొలుసు చెడిన కారణమున ఎందరో పసిబిడ్డలు ఏడాది నిండకుండగనే కన్నుమూసిరి. ఆ సంగతి తెలిసిన తరువాత అట్టి బిడ్డలు బ్రతికి బట్టకట్టుచున్నారు. ఆ వృత్తాంతమును వివరించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

మూలుగలోని కర్మాగారము

ముందుగా సులువైన గ్రాహకము నొకదానిని చూచెదము. ఎదిగిన మనుష్యుని ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణములు పుట్టుచున్నవి. ఒక్కొక్క ఎర్రకణపు ఆయువు సుమారు 120 దినములు. ప్రతిదినము రాలిపోవునన్ని పుట్టవలెను; అంతకు మించి పుట్టరాదు. తక్కువైనచో పాండురోగము, ఎక్కువైనచో నెత్తురు చిక్కబడి నాళములలో గడ్డకట్టును. ఈ జమాఖర్చులను సరిచూచు గుమాస్తా ఎవరు?

1906లో పారిస్ నగరమున కార్నో, డిఫ్లాండర్ అను ఇరువురు పరిశోధకులు కుందేళ్ళనుండి కొంత నెత్తురు తీసి, అవి ఆ నష్టమును పూడ్చుకొనుచుండగా వాని రక్తరసమును ఆరోగ్యముగానున్న వేరు కుందేళ్ళకు ఎక్కించిరి. రెండవ కుందేళ్ళకు నెత్తురు పోలేదు. అయినను వానిలో ఎర్రకణములు పెరిగినట్లు వారు గమనించిరి. నెత్తుటిలో ఏదో సందేశము ప్రవహించుచున్నదని వారు ఊహించిరి. ఆ సందేశమును శుద్ధరూపమున చేతికి తెచ్చుకొనుటకు మఱి డెబ్బది యేండ్లు పట్టినది. 1977లో చికాగో విశ్వవిద్యాలయమున యూజీన్ గోల్డ్‌వాసర్, ఆయన సహచరులు తీవ్రమైన పాండురోగముగల రోగుల మూత్రమును 2,550 లీటర్లు వడబోసి కొలది మిల్లీగ్రాముల పదార్థమును సంపాదించిరి. అదియే ఎరిత్రోపాయిటిన్. నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గెనని కనిపెట్టగానే మూత్రపిండము దానిని విడుదల చేయును. మూలుగ దానిని విని ఎర్రకణముల ఉత్పత్తిని పెంచును. నేడు మూత్రపిండములు చెడినవారికి ఇచ్చు సూదిమందులలో ఇది ప్రసిద్ధమైనది.

తలుపు తట్టిన తరువాత

ఎరిత్రోపాయిటిన్ కణములోనికి ప్రవేశింపదు. వెలుపలనే నిలిచి తలుపు తట్టును. మఱి లోపలివారికి ఎట్లు తెలియును? గ్రాహకపు గొలుసు పొడవైనది. దాని తల కణమునకు వెలుపల నుండును. నడుము కణపు పొరలో గ్రుచ్చుకొనియుండును. తోక లోపల వ్రేలాడుచుండును. ఎరిత్రోపాయిటిన్ వచ్చి ఒకే విధమైన రెండు గొలుసుల తలలను చెరియొకవైపున పట్టుకొనును. అప్పుడా రెండు గొలుసులును ప్రక్కప్రక్కన సరియైన తీరున కుదురుకొనును. తలలు కుదురుకొనినపుడు లోపలి తోకలు గూడ దగ్గర పడును. సంకేతము పుట్టుట అనగా నిదియే. ఒంటి గొలుసుతో సంకేతము పుట్టదు; జత కుదిరిననే పుట్టును.

ఒక్కొక్క తోకను అంటిపెట్టుకొని ఒక ఎంజైము ఉండును. దానికి జేనస్ కైనేజు అని పేరు. క్లుప్తముగా జాక్ అందురు. రోమనుల పురాణములలో జేనస్ అను ద్వారదేవత కలడు. ఆయనకు రెండు ముఖములు. ఈ ఎంజైమునకును చూచుటకు ఒకే పోలికగల రెండు భాగములున్నవి గావున ఆ దేవత పేరు పెట్టి, దానిని కుదించి జాక్ అనిరి. ఆ రెంటిలో ఒకటి పనిచేయు ముఖము. రెండవది పనిచేయునట్లు కనబడును గాని చేయదు. మొదటిదానిని అదుపులో నుంచుటయే దాని కర్తవ్యము. మన దేహములో జాక్‌లు నాలుగు రకములు. తోకలు దగ్గరపడగానే రెండు జాక్‌లును ఎదురెదురుగా నిలిచి, ఒకదానికొకటి ఫాస్ఫేటును తగిలించుకొనును. అటుపిమ్మట గ్రాహకపు తోకకు గూడ అక్కడక్కడ ఫాస్ఫేటు బొట్లు పెట్టును.

ఆ ఫాస్ఫేటు ఎక్కడనుండి వచ్చును? ఏ.టి.పి. అను పదార్థమునుండి. జీవకణములు శక్తిని వెచ్చించు నాణెము అదియే. ఈ సందర్భమున మనవాని నొకని స్మరింపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి సాయముననే 1929లో వారిరువురును కండరములలో ఏ.టి.పి.ని కనుగొనిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దానిని వేరుగా కనుగొనెను. మన నెత్తుటికణములు వినెడి ప్రతి పిలుపునందును ఆ పదార్థమే వ్యయమగుచున్నది.

ఫాస్ఫేటు బొట్లు పెట్టిన తోకవద్దకు స్టాట్ అను దూతలు వచ్చి చేరును. వానికి గూడ జాక్‌లు ఫాస్ఫేటును అంటించును. బొట్టు పెట్టించుకొనిన దూతలు రెండేసి జతకట్టి కేంద్రకములోనికి పోయి, జన్యువులను ముట్టి, ఫలానా ప్రోటీనును తయారుచేయుడని ఆజ్ఞను వినిపించును. పొరనుండి కేంద్రకమువరకు ఇంత చిన్న దారి. ఈ దారిని 1990 ప్రాంతముల న్యూయార్కులో జేమ్స్ డార్నెల్, ఆయనకు తోడుగా జార్జి స్టార్క్, ఇయన్ కెర్ మొదలగువారి బృందములు అడుగడుగున వెదకి వెలువరించినవి.

ఆజ్ఞ ఇచ్చుట ఎంత ముఖ్యమో ఆపుట అంత ముఖ్యము. తోకచివర ఆపుచేయు మీట యొకటి కలదు. ఫిన్లండు దేశమున ఈరో మాంటీరాంటా అను మంచుపరుగు వీరుడు 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. ఆయన నెత్తుటిలో ఎర్రకణములు అసాధారణముగా హెచ్చు. 1993లో ఆయన కుటుంబమును పరీక్షించిన శాస్త్రజ్ఞులు కారణము కనుగొనిరి. ఆ వంశములో కొందరికి ఎరిత్రోపాయిటిన్ గ్రాహకపు తోకచివర 70 పూసలు లేవు. ఆపు మీట ఆ భాగముననే యుండుటచే వారి మూలుగ పిలుపును విన్నచో తొందరగా చాలించదు. జాక్‌లోనే అదుపు తప్పుటయు కలదు. 2005లో నాలుగు పరిశోధక బృందములు ఇంచుమించు ఒకేసారి ప్రకటించిన విషయమేమనగా, నెత్తురు చిక్కబడు ఒక వ్యాధిలో నూటికి తొంబదిమందికి పైగా జాక్-2లో 617వ పూస మారియున్నది. ఆ పూస ఉన్నది అదుపు చేయు ముఖముననే! కావలివాడు నిద్రపోయెను, పిలుపు లేకయే పని సాగిపోయెను.

మూడు గొలుసుల గ్రాహకము

ఎరిత్రోపాయిటిన్ గ్రాహకములో రెండు గొలుసులును ఒకే అచ్చు. తెల్లకణముల గ్రాహకములు ఇంత సులువు కావు. వానిలో వేర్వేరు గొలుసులు కూడును.

తెల్లకణములలో టి కణములని కొన్ని కలవు. ఇవి మూలుగలో పుట్టి, రొమ్మెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో విద్యనేర్చి, రోగక్రిములను ఎదుర్కొను సైన్యమునకు నాయకులగును. బి కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. సహజ హంతక కణములు వైరసు సోకిన కణములను చంపును. 1976లో అమెరికా పరిశోధకులు టి కణములను ప్రయోగశాలలో దీర్ఘకాలము పెంచగల పదార్థమును కనుగొనిరి. దానికి తరువాత ఇంటర్‌ల్యూకిన్-2 అను పేరు స్థిరపడినది.

దాని గ్రాహకమును వెదకబోగా విచిత్రమైన చిక్కు కనబడినది. 1981లో ఆల్ఫా గొలుసు దొరికినది. కాని ఆల్ఫా ఒక్కటే యున్న కణము పిలుపును పట్టుకొనును గాని ఏమియు చేయదు. 1989లో బీటా గొలుసు జన్యువు చిక్కినది. దానిని వేరొక జాతి కణములలో పెట్టి చూచిరి. అప్పటికిని గ్రాహకము సరిగా పనిచేయలేదు. ఇంకను ఒక ముక్క మిగిలియున్నదన్నమాట. 1992లో జపాను దేశమున సెండై నగరములోని తొహోకు విశ్వవిద్యాలయమున కజువో సుగమూర బృందము ఆ మూడవ ముక్కను కనుగొనినది. అదియే గామా గొలుసు.

మూడు ముక్కల అవసరమేమి? పట్టు సంగతి చూడుడు. ఆల్ఫా ఒక్కటే యున్నచో పిలుపుపై పట్టు సడలినది. బీటా, గామాలు రెండును కూడినచో దానికి పదిరెట్లు. మూడును కూడినచో మొదటిదానికి వేయిరెట్లు. విశ్రాంతిగానున్న టి కణమునకు ఆల్ఫా ఉండదు. కావున అది గట్టిగా అరచిననే వినును. శత్రువు ఎదురుపడగానే ఆ కణము ఆల్ఫాను మొలిపించుకొనును. ఇక గుసగుసను గూడ వినగలదు. అనగా ఆల్ఫా వినికిడిని పదునుపెట్టునది; లోపలికి సంకేతమును పంపునవి బీటా, గామాలు. బీటా తోకకు జాక్-1, గామా తోకకు జాక్-3 అంటియుండును. ఈ రెండు జాక్‌లు ఎదురుపడిననే సంకేతము పుట్టును.

బుడగలోని బాలుడు

ఈ పరిశోధనలు ప్రయోగశాలలలో సాగుచుండగా, వైద్యశాలలలో వేరొక ప్రశ్న చాలకాలముగా నిలిచియుండెను. కొన్ని కుటుంబములలో మగబిడ్డలు పుట్టినపుడు ఆరోగ్యముగనే యుందురు. కొలది నెలలకు దగ్గు, విరేచనములు, నోటిపూత పట్టుకొనును. మందులకు లొంగవు. బరువు పెరుగదు. సామాన్యులైన పిల్లలకు జలుబుగా వచ్చి పోవు వైరసు వీరి ప్రాణము తీయును. ఒక బిడ్డ పోయిన తరువాత మరియొక మగబిడ్డ పుట్టినను అదే గతి. ఆడబిడ్డలకు ఏమియు కాదు. లోకము తల్లి పాలను, తల్లి జాతకమును నిందించినది గాని కారణము ఎవరికిని తెలియదు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున అట్టి యింట 1971 సెప్టెంబరు 21వ తేదీన డేవిడ్ వెటర్ అను బాలుడు జన్మించెను. అతని అన్న అదే వ్యాధితో ఏడవ నెలలో మరణించియుండెను. కావున వైద్యులు ఈ బిడ్డను పుట్టిన క్షణములలోనే క్రిములు చొరని ప్లాస్టిక్ గుడారములో ఉంచిరి. గాలి, నీరు, ఆహారము, ఆటవస్తువులు అన్నియు శుద్ధి చేసి లోపలికి పంపిరి. తల్లి చేతికి తొడుగు లేకుండ అతనిని తాకలేదు. పండ్రెండేండ్లు అతడు అట్లే పెరిగెను. 1983 అక్టోబరులో అతని అక్క మూలుగను అతనికి ఎక్కించిరి. ఆమె మూలుగలో నిద్రించుచున్న ఎప్‌స్టీన్-బార్ అను వైరసును అప్పటి పరీక్షలు పసిగట్టలేదు. ఆ వైరసు వలన పుట్టిన కాన్సరుతో 1984 ఫిబ్రవరి 22వ తేదీన డేవిడ్ కన్నుమూసెను. ఆరోగ్యవంతులకు ఆ వైరసు సాధారణముగా పెద్ద హాని చేయదు.

వ్యాధికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద నున్నదని వంశవృక్షములే చెప్పుచుండెను. ఆడవారికి ఎక్స్ రెండు. ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. మగవారికి ఎక్స్ ఒక్కటే. అది చెడినచో ఆదుకొనునది లేదు. 1993లో అమెరికాలోని జాతీయ ఆరోగ్యసంస్థలలో వారెన్ లెనార్డ్ బృందము గామా గొలుసు జన్యువు ఆ క్రోమోసోము మీదనే, ఆ వ్యాధి స్థానముననే యున్నదని గుర్తించినది. సంబంధము లేని ముగ్గురు రోగులను పరీక్షింపగా ముగ్గురిలోను ఆ జన్యువు, ఒక్కొక్కరియందు ఒక్కొక్క చోట, చెడియుండెను. అదే సంవత్సరము జెన్నిఫర్ పక్ బృందము గూడ ఈ విషయమునే నిరూపించినది.

లెక్క కుదరని చోటు

కాని ఇక్కడ మంచి శాస్త్రజ్ఞునికి నిద్రపట్టని చిక్కు ఒకటి వచ్చినది. గామా గొలుసు ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకమునకు చెందినది. అది చెడినచో ఇంటర్‌ల్యూకిన్-2 పిలుపు వినబడదు. అంతవరకు సరియే. అయితే 1991లో జర్మనీ పరిశోధకులు ఇంటర్‌ల్యూకిన్-2 బొత్తిగా లేని ఎలుకలను తయారుచేసి చూచియుండిరి. వానికి టి కణములు ఉన్నవి! పిలుపే లేని జంతువునకు టి కణములుండగా, పిలుపును వినలేని బిడ్డకు టి కణములు లేకుండుట ఎట్లు? వినలేకపోవుట వలన, పిలుపు లేకపోవుట కంటె ఎక్కువ నష్టము ఎట్లు కలిగెను?

దీనికి సమాధానము ఒక్కటే కాగలదు. గామా గొలుసు ఆ యొక్క పిలుపునకు మాత్రమే సంబంధించినది కాదు. మఱికొన్ని గ్రాహకములలో గూడ అది భాగమై యుండవలెను. మన ఉపమానమునే మరల తీసికొందము. రేడియోలో ఒక కేంద్రము ప్రసారము నిలిపివేసినచో ఆ కేంద్రము మాత్రమే వినబడదు. కాని స్పీకరు చెడినచో ఏ కేంద్రమును వినబడదు. ముల్లు త్రిప్పుటకు ఎన్ని స్థానములున్నను ధ్వని వెలువడు ద్వారము ఒక్కటే గదా! గామా గొలుసు ఆ స్పీకరు వంటిది.

ఈ ఊహ నిజమేనని 1993లోనే రుజువైనది. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకములలోను అదే గామా గొలుసు కనబడినది. తరువాతి యేండ్లలో 9, 15, 21 సంఖ్యల ఇంటర్‌ల్యూకినులు గూడ ఈ జాబితాలో చేరినవి. మొత్తము ఆరు పిలుపులు, ఒక గొలుసు. అప్పటినుండి దానిని ఉమ్మడి గామా గొలుసు అనుచున్నారు.

ఇప్పుడు రోగలక్షణములన్నియు వరుసగా అర్థమైనవి. థైమస్ గ్రంథిలో టి కణములు పెరుగుటకు కావలసిన పిలుపు 7వది. అది వినబడదు గావున టి కణములు లేవు. సహజ హంతక కణములకు ఆయువు పోయునది 15వది. అదియు వినబడదు గావున అవియు లేవు. బి కణములకు సరియైన ప్రతిరక్షకములను తయారుచేయుట నేర్పునవి 4, 21, అవి వినబడవు. పైగా సాయము చేయుటకు టి కణములును లేవు. అందుచే ఆ బిడ్డలకు బి కణములు లెక్కకు ఉన్నను పనికి రావు. ఒక్క ముక్క విరిగినందున మూడు సేనలు నేలకొరిగినవి.

గణితవేత్త లెక్క చేసిన తరువాత తాళ్ళు చూచుకొనునట్లు, శాస్త్రజ్ఞులు ఈ సమాధానమును గూడ సరిచూచుకొనిరి. గామా తోకకు అంటియుండునది జాక్-3 గదా. గొలుసు బాగుండి జాక్-3 చెడినను ఇదే వ్యాధి రావలెను. 1995లో అట్టి బిడ్డలు కనబడిరి. వారిలో ఆడపిల్లలు గూడ ఉందురు, ఏలయనగా జాక్-3 జన్యువు ఎక్స్ మీదిది కాదు. ఇక 7వ పిలుపునకే ప్రత్యేకమైన గొలుసు చెడినచో టి కణములు మాత్రమే పోయి హంతక కణములు మిగులవలెను. 1998లో అట్టి బిడ్డలును కనబడిరి. టి కణములు లేవు. హంతక కణములు ఉన్నవి. ఊహించినది ఊహించినట్లే.

ప్రకృతి ఇట్టి పొదుపును ఈ యొక్క చోటనే పాటించుట లేదు. 3, 5 సంఖ్యల ఇంటర్‌ల్యూకినులకును, తెల్లకణముల గుంపులను పెంచు మరియొక సైటోకైనునకును ఉమ్మడి బీటా గొలుసు ఒకటి కలదు. ఇంటర్‌ల్యూకిన్-6 కుటుంబమునకు వేరొక ఉమ్మడి గొలుసు కలదు. కొలది ముక్కలతో ఎన్నియో గ్రాహకములు కట్టుట అందున్న లాభము. ఒకటి విరిగిన అన్నియు కూలుట అందున్న ప్రమాదము.

తెలిసికొనుట వలన కలిగిన మేలు

కారణము తెలిసినది, మఱి చికిత్స? మొదటి మార్గము మూలుగ మార్పిడి. 1968లో అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరమున రాబర్ట్ గుడ్ బృందము ఇట్టి బాలునికి అతని అక్క మూలుగను ఎక్కించి బ్రతికించినది. తోబుట్టువు మూలుగ సరిపడినచో ఫలితము చక్కగా నుండును. కాలము గూడ ముఖ్యమే. 2000 మొదలు 2009 వరకు ఉత్తర అమెరికాలో మార్పిడి చేయించుకొనిన 240 మంది శిశువుల వివరములు 2014లో వెలువడినవి. మూడున్నర నెలలు నిండకముందే చికిత్స పొందినవారిలో నూటికి 94 మంది అయిదేండ్ల తరువాత జీవించియున్నారు. ఆలస్యమై, రోగక్రిములు ప్రబలిన తరువాత చేసినచో ఇంత మేలు కలుగదు.

రెండవ మార్గము చెడిన జన్యువునకు బదులు మంచిదానిని బిడ్డ మూలుగకణములలోనే చేర్చుట. 1999లో పారిస్‌లోని నెకెర్ వైద్యశాలలో ఆలెన్ ఫిషర్, మరీనా కవజానా బృందము ఈ పనికి పూనుకొనినది, లండనులోను చేసిరి. రెండు చోట్లను కలిపి ఇరువదిమంది బిడ్డలు. ఎక్కువమందికి టి కణములు పుట్టినవి, లోకము సంతోషించినది. కాని జన్యువును మోసికొనిపోయిన వైరసు కొన్ని కణములలో కాన్సరును ప్రేరేపించు జన్యువు ప్రక్కన వ్రాలినది. తరువాతి కొలది యేండ్లలో అయిదుగురికి లుకీమియా వచ్చినది. ఒక బిడ్డ మరణించెను. శాస్త్రజ్ఞులు ఆగి, తప్పు ఎక్కడ జరిగినదో వెదకి, మఱింత సురక్షితమైన వాహకములను తయారుచేసిరి. 2019లో అమెరికాలోని మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ వైద్యశాలవారు ఎనిమిదిమంది శిశువులకు ఇట్టి క్రొత్త చికిత్స చేసి, టి కణములు, హంతక కణములు, బి కణములు గూడ కోలుకొనిన వార్తను ప్రకటించిరి.

ఈ జ్ఞానము పెద్దలకును ఉపయోగపడినది. జాక్‌లను అదుపుచేయు మాత్రలు వచ్చినవి. మూలుగవ్యాధికి వాడు రుక్సోలిటినిబ్‌ను అమెరికాలో 2011లోను, కీళ్ళవాతమునకు వాడు టోఫాసిటినిబ్‌ను 2012లోను అనుమతించిరి. జాక్-3 లేని బిడ్డకు రోగనిరోధకశక్తి ఉండదని తెలిసినందుననే, ఆ శక్తి శ్రుతిమించినవారిలో జాక్‌ను కొంచెము అణచి చూడవలెనను ఆలోచన పుట్టినది. ఇట్టి మందు రోగక్రిములకు గూడ ద్వారము తెరవవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను.

మన యిండ్లకు సంబంధించిన మాట

ఈ వ్యాధి ఏ దేశపు సొత్తును కాదు. గామా గొలుసు చెడిన వ్యాధి తల్లినుండి కుమారునికి వచ్చును. ఆమె రోగి కాదు, వాహకురాలు మాత్రమే. ఆమెకు పుట్టబోవు ప్రతి కుమారునికి ఈ వ్యాధి సోకుటకు సగము పాలు అవకాశము కలదు. ఇందు ఆమె చేసిన తప్పు ఏమియు లేదు. కొన్ని వేళల తల్లికి లేకుండగనే బిడ్డలో క్రొత్తగా ఈ మార్పు పుట్టుటయు కలదు. జాక్-3 వంటి జన్యువుల వలన వచ్చునది మాత్రము తల్లిదండ్రులిరువురి నుండియు చెడిన ప్రతి వచ్చినపుడే కలుగును. మన ప్రాంతములలో మేనరికములు, అక్కకూతురిని చేసికొనుట వాడుకలో నున్నవి. దగ్గరి బంధువులు ఒకే పూర్వికునినుండి ఒకే లోపమును పొందియుండు అవకాశము హెచ్చు గావున, అట్టి వివాహములలో ఈ రెండవ రకపు వ్యాధి కలుగు అవకాశమును హెచ్చును.

అమెరికాలో 2008లో విస్కాన్సిన్ రాష్ట్రమున మొదలుపెట్టి, 2018 నాటికి అన్ని రాష్ట్రములలోను పుట్టిన ప్రతి శిశువు మడమనుండి తీసిన నెత్తుటిబొట్టుతో ఈ వ్యాధిని పరీక్షించు ఏర్పాటు జరిగినది. మన దేశమున ఆ పరీక్ష ప్రతి శిశువునకును జరుగుట లేదు. అయినను తెలిసికొనుటకు సులువైన ఆనవాళ్ళు లేకపోలేదు. సామాన్యమైన రక్తపరీక్షలో లింఫోసైట్ల సంఖ్య చూతురు. పసిబిడ్డలకు ఇది పెద్దలకంటె ఎక్కువగా నుండవలెను. ఘనమిల్లీమీటరు నెత్తుటిలో 3,000 కంటె తక్కువగా ఉన్నచో వైద్యులు ఈ విషయమును ఆలోచింతురు. ఆ అంకె పెద్దలకు సరిపోవునదే గావున, చూచినవారు బాగుగనే యున్నదని ప్రక్కన పెట్టు ప్రమాదము కలదు.

ఇంకొక జాగ్రత్త. బి.సి.జి. టీకాలో బ్రతికియున్న, బలహీనపరచిన క్రిమి యుండును. మన దేశమున పుట్టగానే బిడ్డలకు దీనిని వేయుదురు. కోట్లాది బిడ్డలకు ఇది మేలే చేయుచున్నది, దానిని మానరాదు. కాని టి కణములు లేని బిడ్డ దేహమున ఆ బలహీనమైన క్రిమియే విజృంభించును. కావున ఏ యింటనైనను ఇంతకుముందు పసిబిడ్డ ఏడాదిలోపల జబ్బులతో మరణించియున్నచో, లేక తల్లి తోబుట్టువులలో మగబిడ్డలు అట్లు పోయియున్నచో, క్రొత్తగా పుట్టిన బిడ్డకు టీకాలు వేయుటకు ముందే ఆ సంగతిని వైద్యునితో చెప్పవలెను. ఆ ఒక్క మాట, ఒక్క రక్తపరీక్ష, బిడ్డ ప్రాణమును కాపాడగలవు. పోయిన బిడ్డను గూర్చి మాటాడుట మన యిండ్లలో ఇష్టపడరు. అది అశుభమని కొందరు దాచుదురు. ఈ విషయమున మాత్రము దాచరాదు. ఆ పోయిన బిడ్డ చరిత్రయే రాబోవు బిడ్డకు రక్ష.

ఒక గొలుసు ఎక్కడ ఎక్కడ కలిసియున్నదో తెలిసికొనుటకు ఇన్ని దేశములవారు, ఇన్ని యేండ్లు శ్రమించిరి. లెక్క కుదరలేదని వారు వదలిపెట్టలేదు. కుదరని చోటనే కూర్చుండి వెదకిరి. ఆ వెదకుట వలననే, ఒకనాడు ప్లాస్టిక్ గుడారములో తప్ప బ్రతుకలేని బిడ్డ నేడు తల్లి ఒడిలో పెరుగగలుగుచున్నాడు.